ఇచ్చిపుచ్చుకునే ఫోన్లతో ప్రత్యక్ష ప్రసారం: చివరి ఇంటిదాకా మాట తెగకుండా చూడటం ఎలా?

శ్రీరామనవమి పందిరిలో హరికథ మొదలయ్యే వేళకు, విజయవాడ సత్యనారాయణపురం లాంటి పేటలో వందలకొద్దీ ఫోన్లు ఒకే టవరు మీద ఆధారపడి ఉంటాయి. పందిరిదాకా నడవలేని పెద్దవాళ్లు ఇంట్లోనే కూర్చుని ఫోనులో చూద్దామనుకుంటారు. సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగి, మధ్యలో సున్నా తిరగడం మొదలవుతుంది.

దీనికి ఒక మార్గం ఉంది. ప్రతి ఫోనూ మొత్తం వీడియోను దూరాన ఉన్న సర్వరు నుంచే తెచ్చుకోనక్కర్లేదు. వీడియోను చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపిస్తే, ఒక ఫోనుకు చేరిన ముక్కను అది పక్క ఫోనుకు ఇవ్వగలదు, తనకు లేనిదాన్ని పక్కదాని నుంచి పుచ్చుకోగలదు. కంప్యూటర్ల మధ్య ఈ పద్ధతి పాతదే. 2001లో బ్రామ్ కోహెన్ రాసిన బిట్‌టొరెంట్ దీన్ని ప్రపంచమంతా వాడేలా చేసింది. ఫోన్ల మధ్యకు వచ్చేసరికి కష్టం వేరేచోట మొదలవుతుంది. కంప్యూటర్ బల్ల మీద కదలకుండా ఉంటుంది. ఫోను మాత్రం జేబులోకి వెళ్తుంది, ఛార్జి అయిపోతుంది, కాల్ వస్తే చెవి దగ్గరికి పోతుంది. మీకు ముక్కలు ఇస్తున్న ఫోను ఏ క్షణంలోనైనా మాయం కావచ్చు. అది మాయమైనా చివరి ఇంట్లో కథ ఆగకూడదు. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ ఒక్కటి సాధించడం కోసమే.

మా వీధి కుర్రాళ్లతో కలిసి మొదటిసారి చేసినప్పుడు ఈ సంగతి నాకు తెలియదు. ఒక ఫోను నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి గొలుసులా కలిపాం. సీతా కల్యాణ ఘట్టంలో నడుమ ఉన్న ఫోనుకు కాల్ వచ్చింది. యజమాని ఫోను తీసుకుని బయటికి నడిచాడు. దాని తర్వాత ఉన్న నాలుగు ఇళ్లలో బొమ్మ, మాట రెండూ ఆగిపోయాయి. ఆ ఇళ్లలో ఒక పెద్దావిడ మర్నాడు నన్ను చూసి, "తాళి కట్టడం అయిందా బాబూ?" అని అడిగింది. ఆ ప్రశ్న వల్లే ఈ పని సరిగా నేర్చుకోవాలనిపించింది.

1. ఏది నాణ్యతో ముందు తేల్చుకోండి

వీడియో నాణ్యత అనగానే చాలామంది బొమ్మ ఎంత స్పష్టంగా ఉందన్నదే చూస్తారు. చూసేవాళ్లకు అంతకన్నా ముఖ్యమైనవి మూడున్నాయి: ఎంత త్వరగా మొదలవుతోంది, ఎన్నిసార్లు ఆగుతోంది, అసలు జరిగేదానికి ఎంత వెనకబడి వస్తోంది. వీటిలో ఆగడమే అన్నిటికన్నా చెడ్డది. మసకబొమ్మను కళ్లు సర్దుకుంటాయి. తెగిన పద్యాన్ని చెవి సర్దుకోదు.

అందుకే మొదటి స్థానం మాటకు ఇవ్వండి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నాటకాన్నీ హరికథనూ మాటతోనే ఇంటింటికీ చేర్చింది. బొమ్మ లేదని ఎవరూ రేడియో కట్టేయలేదు. గరగర వస్తే మాత్రం ముల్లు అటూ ఇటూ తిప్పి సరిచేసుకునేవాళ్లు. మీ ప్రసారానికీ అదే వరుస: ముందు తెగని మాట, తర్వాత ఆగని బొమ్మ, ఆ తర్వాతే స్పష్టత.

వెనకబాటు సంగతి మాత్రం ధైర్యంగా వదిలేయండి. ముప్పై నలభై సెకన్లు ఆలస్యంగా వస్తే హరికథకు పోయేదేమీ లేదు. పైగా ఆ ఆలస్యమే మీకు పెట్టుబడి. ఒక ముక్క రాకపోతే ఇంకో ఫోనును అడిగి తెచ్చుకోవడానికి ఆ సమయమే పనికొస్తుంది. "ఇంత ఎందుకు, గ్రూపు వీడియో కాల్ పెట్టేస్తే సరిపోదా?" అని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. సరిపోదు. వీడియో కాల్ ఇద్దరు మాట్లాడుకోవడానికి పుట్టింది కాబట్టి అర సెకను ఆలస్యాన్ని కూడా ఓర్చుకోదు. పోయిన ముక్కను మళ్లీ తెచ్చుకునే వ్యవధి దానికి ఉండదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. మనిషి గొంతు కానిదాన్నల్లా అది రొద అనుకుని తీసేయాలని చూస్తుంది. చిడతలు, మృదంగం దానికి రొదే.

2. కాగితం మీద లెక్క వేయండి

ఉదాహరణకు పన్నెండు అపార్ట్‌మెంట్లు, ఒక్కోదానిలో ఐదు ఫోన్లు, మొత్తం అరవై అనుకుందాం. బొమ్మకు సెకనుకు 800 కిలోబిట్లు, మాటకు 96 ఇస్తే, రెండూ కలిపి దాదాపు 0.9 మెగాబిట్లు. అరవై ఫోన్లూ సర్వరు నుంచే తీసుకుంటే 54 మెగాబిట్లు కావాలి. అపార్ట్‌మెంటుకు ఒక్క ఫోనే బయటినుంచి తెచ్చి మిగతా నాలుగింటికీ పంచితే 10.8 చాలు. ఇచ్చిపుచ్చుకోవడం వల్ల కలిగే లాభమంతా ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే ఉంది.

ఇప్పుడు ఇచ్చే ఫోను వైపునుంచి చూడండి. రెండున్నర గంటల కథకు సెకనుకు 0.9 మెగాబిట్లు అంటే మొత్తం సుమారు ఒక గిగాబైటు. ఆ ఫోను మరో ముగ్గురికి ఇస్తే ఇంకో మూడు గిగాబైట్లు బయటికి వెళ్తాయి. రోజుకు ఒకటిన్నర గిగాబైట్ల ప్యాక్ ఉన్న మనిషి ఫోనును మొబైల్ డేటా మీద ఇచ్చే ఫోనుగా పెడితే, కథ సగంలో ఉండగానే అతని డేటా అయిపోతుంది. అతనికి చెప్పకుండా అలా చేయడం అన్యాయం కూడా.

ఇంకో కారణం ఉంది. మొబైల్ నెట్‌వర్కులో పంపే వేగం తీసుకునే వేగం కంటే చాలా తక్కువ. మన దేశంలో 4జీకి వాడే 2300 మెగాహెర్ట్జ్, 5జీకి వాడే 3300 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల పట్టీల్లో పంపడం, తీసుకోవడం ఒకే దారిలో వంతులవారీగా జరుగుతాయి. ఆ వంతుల్లో ఎక్కువ భాగం తీసుకోవడానికే కేటాయిస్తారు. దీనికి తోడు మొబైల్ డేటాలో ఉన్న రెండు ఫోన్లు ఒకదాన్నొకటి నేరుగా పిలుచుకోలేకపోవడం మామూలే. ఎందుకంటే ఎన్నో ఫోన్లను ఒకే చిరునామా వెనక ఉంచే ఏర్పాటు ఆపరేటర్ల దగ్గర ఉంటుంది. కాబట్టి ఒక నియమం గట్టిగా పెట్టుకోండి: మొబైల్ డేటాలో ఉన్న ఫోను పుచ్చుకోవడానికి మాత్రమే. ఇచ్చే పని వై-ఫైలో ఉండి, ఛార్జరు తగిలించి ఉన్న ఫోన్లదే.

3. ఎక్కడ ఇచ్చిపుచ్చుకోకూడదో తెలుసుకోండి

ఈ మాట చాలామంది చెప్పరు. పందిరి కిందే నలభై ఫోన్లు ఒకే రౌటరుకు తగులుకుని ఉన్నాయనుకోండి. వాటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం పెడితే పరిస్థితి మెరుగుపడదు, దిగజారుతుంది. ఒక ఫోను ఇచ్చిన ముక్క గాలిలో ముందు రౌటరుకు వెళ్లాలి, మళ్లీ రౌటరు నుంచి రెండో ఫోనుకు రావాలి. ఒకే ముక్క గాలిని రెండుసార్లు వాడుకుంటుంది. రౌటరుకు తీగతో కలిపిన లాప్‌టాప్ నుంచి నేరుగా పంపితే ఒకసారే వాడుకుంటుంది. వై-ఫైలో ఒక చానల్ మీద ఒక సమయంలో ఒకరే మాట్లాడగలరు, మిగతావాళ్లు ఆగాలి. గొలుసులో ఒక్కో మెట్టు పెరిగే కొద్దీ వేగం సగానికి, మూడో వంతుకు పడిపోవడం అందువల్లే.

అంటే సన్నటి దారి ఎక్కడుందో ముందు కనిపెట్టాలి. ఇంటర్నెట్ దారి సన్నగా ఉండి ఇంట్లో వై-ఫై ఖాళీగా ఉంటే ఇచ్చిపుచ్చుకోవడం మంచి మందు. వై-ఫైయే కిక్కిరిసి ఉంటే ఆ మందు పనిచేయదు. అపార్ట్‌మెంటులో ఐదు ఫోన్లకు ముక్కలు రెండుసార్లు గాలిలో ప్రయాణించినా తొమ్మిది మెగాబిట్ల లోపే. మామూలు రౌటరుకు అది బరువు కాదు. పందిరిలో కూర్చున్నవాళ్లకు ఎదురుగా హరిదాసే ఉన్నాడు, వాళ్లకు ప్రసారం అక్కర్లేదు.

4. మూలం దగ్గర జాగ్రత్త

మొదట్లో పాడైన మాటను తర్వాత ఏ ఫోనూ బాగుచేయలేదు. కెమెరా ఫోను సొంత మైకును నమ్ముకోకండి. మైకుసెట్టు అతన్ని ముందురోజే కలిసి, మిక్సరు నుంచి ఒక తీగ ఇవ్వమని అడగండి. దాన్ని యూఎస్‌బీ ఆడియో పెట్టె (మిక్సరు శబ్దాన్ని ఫోనుకు అందించే చిన్న పరికరం) ద్వారా ఫోనుకు కలపండి. స్థాయి తగ్గించి మొదలుపెట్టండి. గొంతుకు సరిపోయేలా పెట్టి వదిలేస్తే చిడతల మోత దగ్గర శబ్దం పగిలిపోతుంది. చిడతలతో సహా ఒక చరణం పాడించుకుని అప్పుడు స్థాయి ఖాయం చేయండి. యాప్‌లో రొద తగ్గించే సదుపాయం ఉంటే ఆపేయండి.

బొమ్మకు మూడు అంచెలు సిద్ధం చేయండి: 800 కిలోబిట్లతో ఒకటి, 350తో ఒకటి, మాట మాత్రమే ఉన్నది ఒకటి. మాట మూడింటిలోనూ అదే 96 ఉండాలి. దారి సన్నబడితే ఫోను పై అంచె నుంచి కింది అంచెకు దిగుతుంది. బొమ్మ పలచబడుతుంది కానీ కథ ఆగదు. మాట మాత్రమే వినే ఇంటికి రెండున్నర గంటలకు నూట ఎనిమిది మెగాబైట్లు చాలు.

హరిదాసు ఎక్కువగా ఒకేచోట నిలబడి చెబుతాడు కాబట్టి సెకనుకు పాతిక బొమ్మలు, 480 గీతల స్పష్టత సరిపోతాయి. మీది కూచిపూడి ప్రదర్శన అయితే ఈ లెక్క పనికిరాదు. పాదాల వేగం, వేళ్ల ముద్రలు కలిసిపోకుండా కనిపించాలంటే సెకనుకు ముప్పై బొమ్మలు తప్పనిసరి. గీతలు తగ్గించినా సరే, బొమ్మల సంఖ్య తగ్గించవద్దు.

కుదించిన వీడియోలో ప్రతి బొమ్మా పూర్తిగా ఉండదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ, మధ్యలో మార్పులు మాత్రమే వస్తాయి. ఆ పూర్తి బొమ్మ ప్రతి రెండు సెకన్లకు వచ్చేలా అమర్చండి. ఎక్కడైనా తెగి మళ్లీ కలిసిన ఫోను తర్వాతి పూర్తి బొమ్మ కోసమే ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపు రెండు సెకన్లయితే ఎవరూ గమనించరు, పది సెకన్లయితే ఫోను పక్కన పెట్టేస్తారు.

పందిరి నుంచి సర్వరుకు వెళ్లే దారి అన్నిటికన్నా ముఖ్యం. వీలైతే పక్క ఇంటి ఫైబర్ కనెక్షన్ నుంచి తీగ లాగండి. మొబైల్ డేటా తప్పదంటే, వేర్వేరు ఆపరేటర్ల సిమ్ములు రెండు దగ్గర పెట్టుకుని, కార్యక్రమం జరిగే గంటలోనే, జనం ఉన్నప్పుడే పంపే వేగం కొలవండి. మధ్యాహ్నం కొలిచిన వేగం రాత్రికి ఉండదు. కొలిచినదాంట్లో సగాన్ని మాత్రమే మీదిగా లెక్కపెట్టుకోండి.

5. పంచే పద్ధతి: గొలుసు కాదు, వల

బెజవాడవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరిన నీరు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మీదుగా ఊరు దాటి డెల్టాలోకి పోతుంది. పైన ఎవరు తోడుకున్నా, ఎక్కడ గండి పడ్డా దెబ్బ తగిలేది కాలువ చివరి పొలానికి. ఫోన్లను చెట్టు కొమ్మల్లా ఒకదాని కింద ఒకటి పెడితే చివరి ఇల్లు ఆ చివరి పొలమే. అందుకే ప్రతి ఫోనుకూ ఒక్క దారి కాకుండా కనీసం రెండు మూడు దారులుండాలి. ఒకటి మూసుకుపోతే ముక్క ఇంకోదాని నుంచి రావాలి. ఏదీ దొరక్కపోతే ఆఖరికి సర్వరును అడగాలి.

ఇదంతా మీరే రాసుకోనక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని ఫ్రామాసాఫ్ట్ అనే లాభాపేక్ష లేని సంఘం తయారుచేసిన పీర్‌ట్యూబ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. 2021లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి ప్రత్యక్ష ప్రసారాలు కూడా అందులో చేయవచ్చు. చూసేవాళ్లు ఏ యాప్ వేసుకోనక్కర్లేదు, లింకు నొక్కితే బ్రౌజరులోనే తెరుచుకుంటుంది. ఒకే ప్రసారం చూస్తున్న బ్రౌజర్లు వెబ్‌ఆర్‌టీసీ అనే పద్ధతిలో తమలో తాము ముక్కలు మార్చుకుంటాయి. పెద్దవాళ్ల ఫోన్లకు ఇంతకన్నా సులువైన దారి నాకు కనిపించలేదు.

సర్వరు అద్దెకు తీసుకోండి. ఇంటి కనెక్షన్ వెనక పెట్టిన సర్వరును బయటివాళ్లు చేరుకోలేకపోవడం తరచూ జరుగుతుంది. వచ్చిన వీడియోను మూడు అంచెలుగా మళ్లీ కుదించడం సర్వరుకు శ్రమతో కూడిన పని. ముందురోజు రెండున్నర గంటలూ నడిపి చూడండి. పది నిమిషాల పరీక్షను నమ్మకండి.

అమరికల్లో ఒకదాన్ని జాగ్రత్తగా చూడండి. ప్రసారం ఎంత వెనకబడి రావాలో ఎంచుకోమని పీర్‌ట్యూబ్ అడుగుతుంది. ఆలస్యం తక్కువ ఉండే అమరికను ఎంచుకుంటే ఇచ్చిపుచ్చుకోవడం పూర్తిగా ఆగిపోతుంది. ఆలస్యం ఎక్కువ ఉండేదాన్ని ఎంచుకోండి. ఫోన్ల దగ్గర ముందే తెచ్చిపెట్టుకున్న ముక్కల నిల్వ పెరుగుతుంది, ఒకరికొకరు ఇచ్చుకోవడానికి తీరిక దొరుకుతుంది.

ముక్కలు ఏ వరుసలో తెచ్చుకోవాలన్నది కూడా తెలిసి ఉండాలి, ఇబ్బంది వచ్చినప్పుడు కారణం ఊహించడానికి. బిట్‌టొరెంట్ అందరి దగ్గరా తక్కువగా ఉన్న ముక్కను ముందు తెచ్చుకుంటుంది. ఫైలు మొత్తం దిగాక తెరిచేవాళ్లకు అది బాగుంటుంది. ప్రత్యక్ష ప్రసారంలో పదో సెకనులో కావలసిన ముక్క పదకొండో సెకనులో వస్తే చెత్తబుట్టకే. అందుకే ఫోను తన ముందున్న నిల్వను రెండుగా చూస్తుంది. కాసేపట్లో ఆడించాల్సిన ముక్క ఇంకా రాలేదంటే బేరాలాడకుండా నేరుగా సర్వరు నుంచి తెచ్చుకుంటుంది. ఇంకా వ్యవధి ఉన్న ముక్కలను పక్క ఫోన్లను అడుగుతుంది. నిల్వ చిన్నదైతే అన్నీ గడువు దగ్గరపడ్డ ముక్కలే అవుతాయి, అన్నీ సర్వరు మీదే పడతాయి. మొదటి రోజు మీ ఫోన్లు ఒకదానికొకటి ఏమీ ఇచ్చుకోవడం లేదని తేలితే, ముందు అనుమానించాల్సింది ఈ నిల్వనే.

6. ఊత ఫోన్లు

ఈ ఏర్పాటులో ప్రాణం ఇక్కడుంది. ప్రతి అపార్ట్‌మెంటులో రెండు ఫోన్లను ఊతగా నిలబెట్టండి. వాటి పని ప్రసారాన్ని తెరిచి ఉంచడం, పక్కవాటికి ముక్కలు ఇవ్వడం, అంతే. ఎవరూ వాటిలో చూడరు. ఒకటి పోతే రెండోది ఉంటుంది. రెండోది తన ముక్కల్లో చాలావరకు మొదటిదాని నుంచే తీసుకుంటుంది కాబట్టి బయటి దారి మీద భారం రెట్టింపు కాదు.

సొరుగులో మూలపడి ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోను దీనికి ఎంతో బాగుంటుంది. సిమ్ తీసేయండి. సిమ్ లేని ఫోనుకు కాల్ రాదు, దాన్ని ఎవరూ చెవి దగ్గరికి తీసుకెళ్లరు. ఛార్జరు తగిలించండి. స్క్రీను వెలుతురు బాగా తగ్గించి, ఆరిపోయే సమయాన్ని వీలైనంత ఎక్కువకు పెట్టండి. స్క్రీను ఆరితే బ్రౌజరు నిద్రపోతుంది. బ్యాటరీ ఆదా చేసే అమరికను ఆపండి, మిగతా యాప్‌లు మూసేయండి. ఇవన్నీ ఐదు నిమిషాల పనులు. వీటిలో ఒక్కటి మరిచినా ఆ ఊత కథ మధ్యలో కూలుతుంది.

ఐఫోన్లను ఊతగా పెట్టకండి. పాత ఐఫోన్ల బ్రౌజరులో వీడియో ముక్కలను వెబ్ పేజీ తన చేతులతో పేర్చుకునే సౌకర్యం లేదు. అవి చూడగలవు కానీ ఇవ్వలేవు.

వేడిని తక్కువ అంచనా వేయకండి. నవమి వచ్చేసరికి మన ఊళ్లో ఎండలు ముదురుతాయి. ఛార్జి ఎక్కుతూ, వీడియో ఆడుతూ, పంచుతూ ఉన్న ఫోను వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తుంది. బయటికి అది నెట్‌వర్కు జబ్బులా కనిపిస్తుంది. పైతొడుగు తీసి, ఫ్యాను గాలి తగిలేచోట, గచ్చు మీదో స్టీలు పళ్లెం మీదో పెట్టండి. దిండు మీద, సోఫా సందులో పెట్టవద్దు. పందిరి దగ్గరి కెమెరా ఫోనును సాయంత్రం ఎండ నేరుగా తాకని వైపు నిలబెట్టండి.

పక్కింటివాళ్ల సొంత ఫోన్లను ఊతగా అడగాల్సి వస్తే, ఛార్జి నలభై శాతం కన్నా తగ్గగానే ఆపేస్తామని ముందే మాట ఇవ్వండి, నిలబెట్టుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం నీళ్లలో మునిగినప్పుడు, ఫోనులో మిగిలిన ఆ కాస్త ఛార్జి విలువ ఏమిటో ఈ ఊరు కళ్లారా చూసింది. మన ప్రసారం కోసం ఎవరి ఫోనూ ఖాళీ కాకూడదు.

7. ఇళ్లలో వై-ఫై

చూసే ఫోన్లు, ఊత ఫోన్లు ఒకే రౌటరు మీద ఉంటేనే ఇంట్లో పంపకం ఇంట్లోనే జరుగుతుంది. ఎవరి ఫ్లాట్‌లో వాళ్ల రౌటరు మీద ఉంటే, పక్క గోడ వెనకున్న ఫోనుకు ఇచ్చే ముక్క కూడా ఇంటర్నెట్ మీదుగా చుట్టి వస్తుంది. అపార్ట్‌మెంటుకు ఒక ఇంటి వై-ఫైని ఆ సాయంత్రానికి అడిగి తీసుకోండి.

అతిథుల కోసం పెట్టే విడి వై-ఫైని ఇవ్వబోతారు. వద్దని చెప్పండి. అందులో ఫోన్లు ఒకదాన్నొకటి చూడకుండా అడ్డుగోడ ఉంటుంది. కొన్ని రౌటర్లలో ఆ అడ్డు అసలు వై-ఫైకి కూడా పెట్టి ఉంటుంది. అమరికల్లో వెతికి తీసేయండి. అన్నీ సరిగ్గా ఉండి కూడా ఫోన్లు ఒకదానికొకటి ఇచ్చుకోకపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ముందుంటుంది. అడ్డు తీసేముందు యజమానికి విషయం చెప్పండి, కార్యక్రమం అయ్యాక మళ్లీ పెట్టేయండి.

రౌటరును ఎత్తులో, ఇనుప బీరువాకు దూరంగా ఉంచండి. దగ్గరి గదులకు 5 గిగాహెర్ట్జ్, గోడలు దాటాల్సి వస్తే 2.4 గిగాహెర్ట్జ్. రెండో దాంట్లో ఒకదానిమీదొకటి పడని చానళ్లు 1, 6, 11 మాత్రమే, వీటిలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద రౌటరు కూడా ఉందో లేదో చూడండి. చాలా ఇళ్లలో ఫ్యాన్లు, లైట్లు మాత్రమే ఉంటాయి.

ఇంకొక మాట ముందే చెప్పాలి. ఇలా ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఒక ఫోను ఇంటర్నెట్ చిరునామా ఇంకో ఫోనుకు తెలుస్తుంది. లింకు పంపేటప్పుడే ఈ సంగతి రెండు వాక్యాల్లో రాయండి. ఇష్టం లేనివాళ్లు పీర్‌ట్యూబ్‌లో ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఆపుకుని కూడా చూడవచ్చు. హరిదాసు అనుమతి కూడా ముందే, నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తీసుకోండి.

8. ఊతను చేతులారా లాగి చూడండి

రెండు రోజుల ముందు, రాత్రి ఏడు తర్వాత ఒక పూర్తి పరీక్ష పెట్టండి. అంతా బాగా నడుస్తుంటే అందులో తెలిసేదేమీ లేదు. ఒక ఊత ఫోనును వై-ఫై నుంచి తీసేయండి. మిగతా ఫోన్లలో మాట ఆగిందా? ఆగకూడదు. తర్వాత రెండో ఊతను కూడా తీసేయండి. ఇప్పుడు అందరూ సర్వరు మీద పడతారు. అంచె దిగి బొమ్మ పలచబడాలి, మాట మాత్రం నడవాలి. రౌటరును ఆపి మళ్లీ వేయండి, ఎన్ని సెకన్లలో కోలుకుందో రాసుకోండి. ఒక ఫోనును వై-ఫై నుంచి మొబైల్ డేటాకు మార్చండి. చిరునామా మారిపోతుంది కాబట్టి పాత బంధాలన్నీ తెగి, కొత్తగా కట్టుకోవాలి. ఆలోపు నిల్వ అయిపోతోందా అన్నదే అసలు ప్రశ్న. అయిపోతుంటే నిల్వ పెంచండి.

వీడియో కింది పట్టీలో ఎన్ని ఫోన్లతో ఇచ్చిపుచ్చుకుంటోందో కనిపిస్తుంది. అక్కడ సున్నా ఉంటే తిరిగి రౌటరు దగ్గరికి, అడ్డుగోడ దగ్గరికి వెళ్లండి.

9. ఆ రాత్రి

పందిరి దగ్గర ఒకరు, దూరపు అపార్ట్‌మెంటులో ఒకరు ఉండాలి. దూరంగా ఉన్నవారు మిగతావాళ్లలాగే మామూలు ఫోనులో చూస్తూ ఉండాలి. పందిరి దగ్గర నిలబడి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఏదైనా ఆగితే మెసేజి కాకుండా ఫోను చేయమనండి. డేటా నిండిన చోట మెసేజి ఆలస్యమవుతుంది.

ఒక్క ఇంట్లోనే ఆగితే ఆ ఇంటి ఫోను సంగతి చూడండి. ఒక అపార్ట్‌మెంటంతా ఆగితే ఊత ఫోన్లు, రౌటరు చూడండి. అన్నిచోట్లా ఒకేసారి ఆగితే తప్పు పందిరి దగ్గర, మీ పంపే దారిలో ఉంది. అప్పుడు రెండో సిమ్ముకు మారండి. కంగారులో సర్వరు అమరికలు మాత్రం ముట్టుకోకండి.

పందిరికి దగ్గరి ఇళ్లవాళ్లకు మైకు నేరుగా వినిపిస్తుంది, ఫోనులో అదే మాట నలభై సెకన్ల తర్వాత వస్తుంది. రెండూ కలిసి చికాకు పెడతాయి. వాళ్లను ఫోను శబ్దం తగ్గించుకోమని చెప్పండి. దూరపు ఇళ్లలో హారతి వెలిగించి కూర్చునేవాళ్లకు ఈ ఆలస్యం సంగతి ముందే చెప్పి ఉంచితే తొందరపడరు.

మంగళహారతి పాడటం పూర్తికాగానే కెమెరా ఫోనును ఆపబోతారు, ఆపకండి. పందిరిలో పాట అయిపోయినా చివరి ఇంట్లో అది ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఊత ఫోన్లను కూడా అప్పుడే మూసేస్తే, వాటి మీద ఆధారపడిన ఇళ్లలో హారతి సగంలో తెగుతుంది. కెమెరాను రాములవారి పటం మీద నిలిపి మరో రెండు నిమిషాలు నడపండి. దూరపు అపార్ట్‌మెంటులో ఉన్న మీ మనిషి ఫోను చేసి "ఇక్కడ కూడా అయింది" అన్న తర్వాత కెమెరా ఆపండి, ఆ తర్వాత ఊత ఫోన్లు తీయండి.